స్విచ్ ముట్టలేదు బిడ్డా

బిడ్డా దీపాలీ,

నిన్నటి నుంచి నాతో మాట్లాడడం లేదు కాబట్టి రాస్తున్నాను. తెలుగు కూడబలుక్కుని చదువుతావని అక్షరాలు పెద్దవిగా పెట్టాను.

నిన్న నీ కంప్యూటర్ నిండా ఎర్ర అక్షరాలు రాగానే నా చెయ్యి స్విచ్ మీదికి పోయి ఆపేసింది. మరమగ్గం మీద దారం తెగితే ముందు సాంచా ఆపాలి, లేకుంటే బట్టంతా పాడవుతుంది. ఈ కనేరికి సాంచాల పనికి వచ్చినప్పటి నుంచి నాకు అలవాటైన పని అదే. "గవి కంపైలర్ చూపించే తప్పులు బాపూ! అన్నీ చూసినంకనే సరిచేస్త. ఇప్పుడు కెర్నల్ బిల్డ్ మల్ల మొదటి నుంచి పెట్టాలె," అని నువ్వు ఏడిస్తే గానీ నేనేం చేశానో అర్థం కాలేదు. ఆ కెర్నల్ లేకపోతే కంప్యూటర్ లేవనే లేవదట, ఠాణేలో ఉద్యోగం ఇచ్చేవాళ్లకు రేపు అదే చూపించాలట. మీ అమ్మ చెప్పింది.

పొద్దున నువ్వు ఆ బిల్డ్ మళ్లీ పెట్టి డ్యూటీకి పోయావు. కాసేపటికే ఎర్ర అక్షరాలు వచ్చాయి. చేతులు చంకల్లో పెట్టుకుని కూర్చున్నాను గానీ స్విచ్ ముట్టలేదు.

కింద సాంచాలు నడిస్తే ఇంట్లో కరెంటు తగ్గి నీ కంప్యూటర్ ఆగిపోతుందని వాటినీ ఆపేశాను. పక్క కార్ఖానా సదానందం వచ్చి, "ఏంది బావా, సప్పుడే లేదు? సాంచాలు బంద్ పెట్టినవా?" అన్నాడు.

"లేదు. మా బిడ్డ సాంచా నడుస్తుంది," అన్నాను.

మీ బాపు