పూసలకు పట్టిన కషాయం

మార్చి 4, బుధవారం

షుగర్‌కు నేను కాచుకునే బెరడు కషాయాన్ని మురిక్కాలవ నీళ్లన్నాడు బావమరిది. అన్నది ఈవాళ కాదు, ఏళ్లయింది. కానీ అందరూ భోజనాలకు కూర్చున్నప్పుడు అన్నాడు. అందరూ నవ్వారు. మా ఆవిడా నవ్వింది. అదీ నా మంట. వాడు మందుల షాపులో అట్టపెట్టెలు అందిస్తాడు, అంతే. నేను బతుకంతా కర్ర కోసినవాణ్ణి. ఏ బెరడులో ఏముందో నాకు తెలీదా?

ఈవాళ డాక్టరు నా కాలి వేలి పుండు చూసి పెదవి విరిచాడు. షుగర్ దిగకపోతే వేలు తీసేయాలన్నాడు. మాత్రలు వేసుకుంటున్నారా అని అడిగాడు. కషాయం తాగుతున్నానన్నాను. ఆయన నాతో వచ్చిన కోడలి వైపు చూశాడు. నా వైపు చూడలేదు. వేలు నాదా, కోడలిదా?

మార్చి 5

కోడలు ల్యాబ్‌లో పనిచేస్తుంది. కొత్త మందులు వెతకడం ఆమె పని. రాత్రి అన్నం దగ్గర పందెం పెట్టింది.

మనం తిన్నదాన్ని చక్కెరగా విరగ్గొట్టే ఎంజైమ్ ఒకటి కడుపులో ఉంటుందట. అలాంటిదాన్ని ఇసుక రేణువులంత పూసలకు కదలకుండా అంటిస్తారట. ఆ పూసల్ని కషాయంలో ముంచి, తీసి, బాగా కడుగుతారట. కడిగినా వదలకుండా ఎంజైమ్‌ను పట్టుకున్న సరుకేదైనా ఉంటే, అది ఎంజైమ్ పనికి అడ్డుపడి చక్కెర తగ్గిస్తుందేమో, దాన్ని మందు చేయొచ్చేమో చూస్తారట. నా కషాయంలో అలాంటిది దొరికితే డాక్టరుతో తనే మాట్లాడుతుంది. దొరకకపోతే నేను మారు మాట్లాడకుండా మాత్రలు వేసుకోవాలి.

సరేనన్నాను. ఏం జిగురుతో అంటిస్తారని అడిగాను. పేరు చెప్పింది. రాయడం నావల్ల కాదు. కుర్చీకి కాలు బిగించడం లాంటిదే అనుకున్నాను.

మార్చి 6, ఉదయం

పరీక్షకు వెళ్తోంది కదా అని బెరడు మూడింతలు వేసి మరిగించాను. పెళ్లికెళ్లేవాడు ఉతికిన చొక్కా వేసుకోడా? గిన్నె నల్లగా మాడిందని మా ఆవిడ గొణిగింది. గిన్నె తోముకోవచ్చు. పరువు తోముకోలేం.

మార్చి 6, సాయంత్రం

ఫ్లాస్కు నేనే పట్టుకెళ్లాను. ఎవరి చేతికీ ఇవ్వలేదు. నాకు కళ్లద్దాలు పెట్టారు, కోటు తొడిగారు. పెళ్లికొడుకులా ఉన్నానన్నాడు అక్కడి కుర్రాడు. వాడికి నమ్మకం కలగాలని మూత తీసి అక్కడే రెండు గుక్కలు తాగాను. ల్యాబంతా నా మీద పడింది. ఇక్కడ ఏదీ నోట్లో పెట్టుకోకూడదట. కోడలు తల పట్టుకుంది. నా మందు నేను తాగితే వీళ్లకేం నొప్పి?

పూసలు చూపించింది. ఇంతోటి దానికా ఇంత హడావుడి అనిపించింది. అటుకుల పొట్టు నయం.

మార్చి 8

ఆదివారం. ల్యాబ్ మూత. పూసలకూ సెలవు కాబోలు.

మార్చి 9

పట్టుకుంది! కోడలు ఫోన్ చేసి, పూసలకు గట్టిగా పట్టుకుందని చెప్పింది. ఇంకా ఏదో చెప్పబోయింది. నేను ఫోన్ పెట్టేసి బావమరిదికి చేశాను. చాలాసేపు మాట్లాడాను. వాడికి హలో తప్ప మరో మాటకు సందివ్వలేదు.

మార్చి 10

కోడలు చెప్పబోయింది ఈవాళ చెప్పింది. వాళ్లు రెండో గిన్నెలో ఎంజైమ్ లేని ఉత్త పూసలు కూడా ముంచారట. కషాయం వాటికీ అంతే గట్టిగా పట్టుకుందట. అన్నీ గోధుమ రంగు తిరిగి ముద్దకట్టాయట.

"మామయ్యా, అది ఎంజైమ్‌ను వెతికి పట్టుకోలేదు. దొరికినదాన్నల్లా పట్టుకుంది" అంది.

నా మందు ఎవర్నీ వదలదని అన్నాను. దేన్నీ వదలనిది మందు కాదు మామయ్యా, బంక అంది. బెరడులోని వగరు చేసే పనేనట ఇది. తోళ్లు పదును చేసేది కూడా ఆ వగరేనట.

అయితే డాక్టరిచ్చిన మాత్రను ముంచి చూశారా అని అడిగాను. ఆ మాత్రకు ఈ ఎంజైమ్‌తో పనే లేదట. అది ఒంట్లో ఇంకోచోట పనిచేస్తుందట. అంటే అదీ పరీక్ష తప్పినట్టేగా అన్నాను. నా కషాయం మాత్రం ఇంకోచోట పనిచేయకూడదా?

కోడలు నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. నా కాలి కట్టు విప్పి, పుండు కడిగి, కొత్త కట్టు కట్టింది. అంతసేపూ తల ఎత్తలేదు.

"వేలు పోతే ఎంజైమ్‌కు నష్టమేం లేదు మామయ్యా" అంది చివరికి.

మాత్రల డబ్బా ఎక్కడుందని అడిగాను. నా నోట ఆ మాట రావడం ఇదే మొదటిసారని మా ఆవిడ అంది. అడిగామా?

మార్చి 11, పొద్దున

మాత్ర వేసుకున్నాను. చేదు కూడా లేదు. చేదు లేనిది మందెలా అవుతుంది?

మార్చి 11, మధ్యాహ్నం

కోడలికి చెప్పేశాను. కషాయం ఈసారి పల్చగా కాచి ఇస్తాను. అందులో మళ్లీ పూసలు ముంచాలి. పక్కన డాక్టరు మాత్ర కూడా నూరి, కలిపి, అందులోనూ ముంచాలి. ఇద్దరికీ ఒకే న్యాయం. శుక్రవారం సాయంత్రం ఆరింటికల్లా నాకు జవాబు కావాలి. అప్పటిదాకా మాత్ర మానను. ఓడిపోయి కాదు. విచారణ నడుస్తోంది కాబట్టి.