వదులు చేతుల జిలాబా

అత్తయ్యా,

హరీరా పొయ్యి మీదుంది, వేడి చేసుకుని తాగండి. తాగాక వీధి మలుపులో ఆసుపత్రికి వెళ్లి ఫ్లూ టీకా వేయించుకు రండి. మధ్యాహ్నం జుహర్ నమాజు కాగానే పక్కింటి తమూ పిన్ని వచ్చి తలుపు కొడుతుంది. మీరు వేయించుకుంటేనే తానూ వేయించుకుంటానని భీష్మించుకు కూర్చుంది.

కఫ్తాన్ కోసం వెతక్కండి. మొన్న మణికట్టు నుంచి మోచేతి దాకా గుండీలున్న ఆ బిగుతు చేతుల కఫ్తానే వేసుకెళ్లి, "చెయ్యి పైకి రావట్లేదమ్మా, ఏం చేస్తాం!" అని తిరిగొచ్చేశారటగా? నర్సు నవ్వలేక చచ్చింది. అది నా బీరువాలో భద్రంగా ఉంది, తాళంచెవి నాతో ఆఫీసుకొస్తోంది. వదులు చేతుల జిలాబా ఇస్త్రీ చేసి తలుపు కొక్కేనికి తగిలించాను.

సూది వల్లే జ్వరం వస్తుందన్నది హమ్మాంలో స్నానాల దగ్గర పుట్టిన కబురు. చెయ్యి ఒకటి రెండు రోజులు నొస్తుంది, అంతే. టీకా వేసుకున్నా జలుబు రావచ్చు గానీ, పోయిన చలికాలంలా మంచాన పడే గండం తగ్గుతుంది. అప్పుడు కాల్చిన ఉల్లిపాయ, మూలికల ఆవిరి అన్నీ పట్టారు. తగ్గిందా? నా పెళ్లినాడు నాలుకాడిస్తూ మీరు వేసే శుభకూత కోసం వీధంతా చెవులు రిక్కిస్తే, మీకు దగ్గొచ్చింది. ఆ లోటు నాకింకా తీరలేదు.

వియామ్

అన్నట్టు, నిన్న నేనూ వేయించుకున్నాను. ఒక్క సూది ఇద్దరికీ పనికొస్తుందంది డాక్టరమ్మ. మీ అబ్బాయికి ఇంకా చెప్పలేదు. గొంతు జాగ్రత్త, ఎండాకాలానికి ఉయ్యాల దగ్గర కూత మీరే వెయ్యాలి.