గెడ్డ అంటే గట్టు కాదు

ఇంజినీరు గారికి, గెడ్డ ఒడ్డున ఉంటున్న కొబ్బరి రైతు నమస్కరించి రాసుకుంటున్నది.

మా గెడ్డలో పూడిక తీసుకోవడానికి అనుమతి అడిగితే మీ దగ్గర్నుంచి జవాబు వచ్చింది. "గడ్డ తవ్వి మట్టి తరలించరాదు" అని అందులో ఉంది. మీరు గోదావరి అవతల నుంచి కొత్తగా వచ్చారని విన్నాను. మీ వైపు గడ్డ అంటే గట్టు కాబోలు. మా ఉద్దానంలో గెడ్డ అంటే వాగు, బాబూ. గట్టు తవ్వుతానని నేను అనలేదు. అది తెగకూడదనే అడిగాను.

ఇదివరకు ఎండలు ముదరగానే ఊరంతా పారలు పట్టుకుని గెడ్డలోకి దిగేవాళ్లం. ఇప్పుడు కాగితం లేకుండా పార వేస్తే కేసు పెడతామంటున్నారు. కిందటేడు వరద ఇళ్లలోకి వచ్చాక ఒక్కొక్కరే రోడ్డు పక్కకి మారిపోయారు. ఆఖరున మా మేనకోడలు రత్నాలమ్మ వెళ్తూ, "నువ్వూ వొచ్చీ మావా. ఆల్ల కాయితం వొచ్చేలోగా గెడ్డే నీ ఇంటికొచ్చేత్తాది" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ తర్వాత నేను నవ్వినట్టు గుర్తు లేదు.

ఒకసారి వచ్చి చూడండి. దారి అడగడానికి మనిషి కనిపించడు. పొయ్యి పొగ లేచే ఇల్లు ఒక్కటే, అదే నాది.

అనుమతి ఇస్తే రోడ్డు పక్కకి మారినవాళ్లంతా పారలు పట్టుకుని వస్తామన్నారు. ఈ ఏడు వరద ఆగుతుందో లేదో నాకు తెలియదు. పూడిక తీసినన్నాళ్లూ ఈ ఒడ్డున మనుషుల మాట వినబడుతుంది.

ఇట్లు,
గెడ్డ ఒడ్డున మిగిలినవాడు