సిమెంటు కింద మంచినీళ్లు

మార్చి 15

మా అమ్మాయి హేజిన్ ఊరి పాత మంచినీళ్ల ఊట జాడ కనిపెట్టేసింది! వంటింట్లో మ్యాప్ పరిచి ఎత్తు గీతలు వేలితో చూపించింది. హల్లా అగ్నికొండ మీంచి కిక్కిరిసి దిగిన గీతలు మా రేవు దగ్గర ఒక్కసారిగా విడిపోతాయట. పాత లావా అక్కడ ఆగిందట. కొండ తాగిన వానంతా దాని కిందుగా వచ్చి అక్కడే ఉబకాలట. పాత మ్యాప్‌లో ఇళ్లన్నీ ఆ చుట్టే ఉన్నాయి. మన జెజు దీవిలో ఊట లేనిచోట ఎవరైనా ఇల్లు కట్టారా? నా బంగారు తల్లి!

ఈ ఇరవై ఆరున సరిగ్గా అక్కడే కాఫీ షాపు పార్కింగ్‌కి కాంక్రీటు పోస్తారు. ఊరిపెద్ద యాంగ్ సంతకం పెట్టేశాడు. గాడిద.

మార్చి 17, ఆదివారం

ఒళ్లు మండిపోతోంది. పున్నమికి రండి, సముద్రం బాగా వెనక్కి తగ్గితేనే ఊట బయటపడుతుందని హేజిన్ బతిమాలింది. యాంగ్ వినలేదు. ఆదివారమైతే తనకు తీరికట, ఇవాళే ఊరందర్నీ రేవుకి తీసుకొచ్చాడు. చంద్రుడు సగమున్న రోజు సముద్రం ఎంత తగ్గుతుంది? కుళాయిలొచ్చాక ఆటుపోట్ల లెక్క కూడా మరిచారు వెధవలు. హేజిన్ చూపిన చోట ఇంకా సముద్రపు నీళ్లే ఉన్నాయి. యాంగ్ వాటిని దోసిలితో తీసి, పుక్కిలించి, అందరి ముందూ ఉమ్మాడు. మీ అమ్మాయి నీళ్లతో క్యాబేజీ ఊరేసుకోవచ్చు మామా, కిమ్చీకి ఉప్పు ఖర్చు తప్పుతుంది అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. హేజిన్ మ్యాప్ మడిచింది.

మార్చి 20

పిల్ల అన్నం తినడం లేదు. యాంగ్‌గాడి కమలాతోటకి పురుగు పట్ట!

మార్చి 25, పున్నమి, సాయంత్రం

నీళ్లు పడ్డాయి! సముద్రం తగ్గింది. హేజిన్ చెప్పిన చోటే గునపంతో నల్లరాయి పెకలించాం. బుడబుడమని పొంగాయి. ఎముకలు కొరికే చల్లదనం. ఇసుక తోడితే పాత రాతిగోడ కూడా తేలింది. సముద్రంలో మునిగి నత్తలేరే కాంగ్ అవ్వ రుచి చూసి, చోటు మరిచాను గానీ ఇవి చిన్నప్పటి నీళ్లేరా అని ఏడ్చింది. యాంగ్ పరిగెత్తుకొచ్చి, ఇక్కడ ఊటుందని నాకెప్పుడో తెలుసు మామా అన్నాడు. తెలుసట! నా నోట్లో ఉన్న తిట్లన్నీ వాడికే ఖర్చుపెట్టాను.

మార్చి 26

పొద్దున్నే కాంక్రీటు లారీ వచ్చింది. కాంగ్ అవ్వ, ఆమె ఈడు ఆడవాళ్లు గోడ మీద వరసగా కూర్చున్నారు. ముందు మా మీద పొయ్యండ్రా, చలికి వెచ్చగా ఉంటుంది అంది అవ్వ. డ్రైవర్ దండం పెట్టి లారీ తిప్పుకున్నాడు. యాంగ్ తలొంచుకుని, కాంక్రీటుకి పెట్టిన సంతకం వెనక్కి తీసుకున్నాడు.

మార్చి 27

ఆ గోడ పూర్వం ఊట దగ్గర ఆడవాళ్ల స్నానాలకి కట్టిందట. నన్ను లోపలికి రానివ్వలేదు. మగాళ్ల ఊట ఎక్కడుందో నీ కూతుర్నే అడుక్కో ఫో అంది అవ్వ. గోడ అవతల మా హేజిన్ చలికి కేకలు పెడుతూ నవ్వుతోంది. నేను ఇవతల నిలబడి అందర్నీ తిడుతున్నాను.