అకౌంటు తీసేయను, అన్నా

అన్నకు నమస్కారాలు. నేను బాగున్నాను. ఊరికే రాసే మాట కాదు, నిజంగానే బాగున్నాను. అవ్వ మోకాలి నొప్పి ఎలా ఉంది? వదిన, పాప కులాసాయేనా? ఫోనులో నువ్వు నన్ను సగంలోనే ఆపేస్తున్నావు. కాగితానికైతే అడ్డు తగల్లేవు కదా, అందుకే రాస్తున్నాను.

మాదాపూర్‌లో వానలు మొదలయ్యాయి. ఆఫీసు నుంచి హాస్టలుకు వచ్చేసరికి చెప్పులు చేతిలోకి వస్తున్నాయి. హాస్టలు సాంబారు గురించి అడగొద్దు. వదినను కాస్త చెనిక్కాయల పొడి పంపమను.

ఆఫీసు క్యాంటీనులో నేను అవ్వతో ఫోన్లో మాట్లాడుతుంటే ఎవరో వీడియో తీసి, ఎవరు నడుపుతున్నారో తెలియని పేజీలో రీలుగా పెట్టారని నీకు తెలుసు. "సంగటి ల్యాకుంటే కడుపు నిండినట్లే ల్యాదవ్వా" అన్నాను మన యాసలో, అంతే. దాని కింద నవ్వులు, వెక్కిరింపులు, నా ఇన్‌స్టా అకౌంటు పేరు పెట్టి మరీ బూతులు. వారం రోజులు క్యాంటీను వైపే వెళ్లలేదు, సీట్లోనే బిస్కెట్లు తిన్నాను. పక్క సీటు శరత్ రోజూ "ఫీల్ అవ్వకండి, లైట్ తీసుకోండి" అని ఓదార్చేవాడు.

పోయిన గురువారం పొద్దున మా రోజువారీ మీటింగులో శరత్ తన కంప్యూటర్ తెరను పన్నెండు మందికీ చూపిస్తూ చేసిన పని వివరిస్తున్నాడు. నోటిఫికేషన్లు ఆపడం మరిచిపోయాడు. తెర మూలన చిన్న పెట్టె తెరుచుకుంది. అందులో ఆ పేజీ పేరు, కింద "మీ వీడియోకు కొత్త కామెంట్" అని ఉంది. అందరూ చదివారు. మేనేజరు గొంతు సవరించుకుని "నెక్స్ట్ ఎవరు?" అన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది.

"నేనే సార్" అన్నాను, మన యాసలోనే. "ఆ పేజీ ఎవురిదో ముందు ఈయప్పను చెప్పమనండి. నా మాటకు అంత నవ్వొస్తాంటే నా మొగం మీదనే నవ్వమనండి."

"జస్ట్ ఫన్ అండీ" అన్నాడు శరత్. ఎవరూ నవ్వలేదు.

ఆ రోజే ఆఫీసులో ఫిర్యాదు రాసిచ్చాను. వచ్చే సోమవారం విచారణ. "సారీ చెప్తడు, ఇగ వదిలెయ్యమ్మా, జర పెద్ద మనసు చేసుకో" అంటున్నారు మేనేజరు. నువ్వేమో "అకౌంటు తీసేసి ఇంటికి రా, పరువు పోతాంది" అంటున్నావు. ఎవరి పరువు, అన్నా? అవ్వతో మాట్లాడటం తప్పా? అకౌంటు తీసేయను. ఫిర్యాదు వెనక్కి తీసుకోను. ఉద్యోగం మానను. ఈ మధ్యాహ్నం కూడా క్యాంటీనులో అదే బల్ల దగ్గర కూర్చుని అవ్వకు ఫోన్ చేశాను.

ఇంకొకటి రాయక తప్పదు. ఆ వీడియోను మన చుట్టాల గ్రూపులోకి మొదట పంపింది నువ్వు. కింద పగలబడి నవ్వే బొమ్మ కూడా పెట్టావు. అరగంటకు తీసేశావు కానీ అప్పటికే నేను చూశాను. శరత్ మీద నాకు కోపం వచ్చింది. నువ్వు పెట్టిన ఆ బొమ్మ చూసి ఏడుపొచ్చింది. నాకు సారీ వద్దు, అన్నా. ఆదివారం బస్సెక్కి రా. విచారణ గదిలోకి నిన్ను రానివ్వరు, బయట కుర్చీలో కూర్చో. నేను తలుపు తీసుకుని వచ్చేసరికి నా మనిషి ఒకరు అక్కడ ఉండాలి.

పెద్దలందరికీ నా దండాలు చెప్పు. అవ్వ దీవెన ఫోన్లోనే అందింది. నీది మాత్రం వచ్చి ఇవ్వు.

నీ చెల్లెలు,
సుజాత