ఫ్రెంచి ఏ ఇంట్లో నేర్చుకోవాలి

నాగమ్మా,

నువ్వు కన్నుమూసేదాకా బిడ్డతో మీ బీదర్ కన్నడంలోనే గుసగుసలాడావు. నన్నే తిడుతున్నావని నా కోపం ఇంకా పోలేదు.

ఆ బిడ్డే ఇప్పుడు నలభై ఏళ్లకు ఫ్రెంచి నేర్చుకుంటానంటోంది. పాండిచ్చేరి బడిలో తెలుగు తెలిసిన పంతులమ్మ ఉందట. ఫ్రాన్సులో అయితే ఒకరింట్లో ఉండాలట, అక్కడ ఫ్రెంచి తప్ప వేరే మాట లేదట. నిన్న ఖేడ్ డిపోలో బస్సెక్కబోతూ ఎటు పోవాలని నన్నడిగింది.

"గా ఇంటికే పో. మీ అమ్మ గట్లనే మనింట్ల ఏడాదిల తెలుగు నేర్చింది" అన్నాను.

"పెండ్లైన కొత్తల వచ్చీరాని తెలుగుల నీళ్లడిగితే మీరంత నవ్విండ్రంట బాపూ. ఇగ అడగకుంట దూపతోనే పండుకునేదంట. అమ్మ నాతోని చెప్పింది."

అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

శుక్రవారం బిడ్డ ఆ ఫ్రాన్సు ఇంటివాళ్లకు మాటివ్వాలి. అలాంటి ఇంట్లో ఉండొచ్చో లేదో నీకే తెలుసు. కలలోకొచ్చి చెబుతావో, ఇంకెలా చెబుతావో నీ ఇష్టం, గురువారం పొద్దుగూకేలోపు చెప్పు.