వీరవేణి చూసిన చుక్క

రాజమండ్రి,
గురువారం.

అమ్మకు పావని నమస్కారాలు. నేనిక్కడ కులాసా. నువ్వూ, నాన్నా, మామ్మా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. జ్వరం తగ్గింది. మాగాయ నాలుగు రోజుల్లోనే అయిపోయింది, గదిలో ఎనిమిది మందిమి కదా. ఆదివారం ఫోనులో ముక్తసరిగా మాట్లాడానేమని అడిగావు. వార్డెన్ పక్కనే నిలబడతారమ్మా. కిటికీలన్నిటికీ ఇనుప వల కొట్టేశారు. గేటు దాటి నెలైంది. మా ఉత్తరాలు కూడా చదివే పంపుతారు. అందుకే దీన్ని వంటావిడ సత్యవాణిగారి చేతికిస్తున్నాను.

'గ్రహశకలం కనిపెట్టిన మా విద్యార్థిని' అంటూ కాలేజీవాళ్ళు రావులపాలెం సెంటర్లో నా ఫొటోతో ఫ్లెక్సీ కట్టారనీ, నాన్న వచ్చేపోయే వాళ్ళందరికీ చూపిస్తున్నారనీ రాశావు. చదివాక అన్నం సయించలేదు.

ఆ చుక్కను కనిపెట్టింది నేను కాదమ్మా.

పదో తరగతిలో చంద్రరావు మాస్టారు నన్నూ వీరవేణినీ బళ్ళో కంప్యూటరు ముందు కూర్చోబెట్టేవారు కదా. ఎక్కడో పెద్ద టెలిస్కోపుతో కొద్ది నిమిషాల తేడాతో తీసిన నాలుగు ఆకాశం ఫొటోలు. నక్షత్రాలు ఉన్నచోటే ఉంటాయి, గ్రహశకలం జరుగుతుంది. నాకేమీ కనబడలేదు. వీరవేణే తెర మీద వేలు పెట్టి, "ఒసే పావనీ, ఇది కదుల్తుందే!" అంది. అంగారకుడికీ గురుగ్రహానికీ మధ్య తిరిగే రాయి అది.

మర్నాడు వాళ్ళమ్మకి ఒంట్లో బాగోక, చేపలమ్మడానికి తనే వెళ్ళింది. రిపోర్టు నేను పంపాను. పేరు అడిగిన చోట నా పేరొక్కటే కొట్టాను. మాస్టారు అడిగితే, "నేనే చూశానండి" అన్నాను. అది నిజంగా కొత్తదని తేలుతుందనుకోలేదు.

ఈ నెల తేలింది. ప్రిన్సిపాల్‌గారి దగ్గరికెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను.

"ఫ్లెక్సీలు కట్టేశాక ఇప్పుడేంటమ్మా ఇది? నోరు మూసుకుని చదువుకో" అన్నారు.

నిన్న సన్మానం చేసి మైకిచ్చారు. "దీన్ని చూసింది వీరవేణండి. నేను తన పేరు తీసేశాను" అన్నాను. మైకు ఆపేశారు. దసరాకి నన్ను ఇంటికి పంపరట, ఫోను కూడా ఇవ్వరట. నాన్నకి కోపమొస్తుందని తెలుసు.

ఆ రిపోర్టులో వీరవేణి పేరు పెట్టించమని మాస్టారికి రాసిన కాగితం ఇందులో ఉంది, ఇచ్చెయ్యి. తర్వాత నువ్వే వీరవేణి ఇంటికి వెళ్ళమ్మా. బడి మానేసి రేవులో చేపలమ్ముతోందట. నన్ను క్షమించమని అడగొద్దు. తను చూసిన రాయి ఆకాశంలో నిజంగానే ఉందని వాళ్ళమ్మ వినేలా చెప్పు.

ఇట్లు,
నీ కూతురు
పావని